ఖాళీ కుర్చీకి ఆర్థిక సలహా

"రిటైరయ్యాక ఏం చేద్దామనుకుంటున్నారు సార్? మొహమాటపడకండి, చెప్పండి."

కుర్చీ మొహమాటపడలేదు. చెప్పనూ లేదు. అందులో ఎవరూ లేరు మరి.

సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్ పరీక్షని మూడో దండయాత్రలో జయించి, బ్యాంకు ఉద్యోగానికి ఓ నమస్కారం పెట్టి, మన కథానాయకుడు ఈ రెండో అంతస్తు గదిలో ఆఫీసు తెరిచి అప్పటికి నలభై రోజులు. సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించాడు. తలుపుకి బోర్డు కొట్టించాడు. ఇక క్లయింట్లు రావడమే తరువాయి. వాళ్ళు వచ్చేసరికి మాట మొద్దుబారకూడదని రోజూ పదింటికి ఎదుటి కుర్చీకి సలహాలు చెప్పేవాడు. నలభై రోజుల్లో ఆ కుర్చీకి ఇద్దరు పిల్లల చదువులు, ఒక సొంతిల్లు, కుటుంబం మొత్తానికి ఆరోగ్య బీమా ప్లాన్ చేసి పెట్టాడు.

తనకి మాత్రం ఇంట్లో ఒకటే కంచం, ఒకటే గ్లాసు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని సర్టిఫికెట్‌ని చూస్తూ తినేవాడు. రోజు మొత్తానికి అతన్ని పలకరించేది ఫోన్‌లో అక్క ఒక్కతే.

"ఏరా, బోణీ అయిందా?"

"అవుతుందిలే అక్కా."

"మీ బావ ఏమంటున్నారంటే, పాత మేనేజర్ని ఒకసారి కదిపి చూడమని..."

"అక్కా, సిగ్నల్ సరిగ్గా లేదు," అని పెట్టేసేవాడు. పెట్టేశాక, ఇంకాసేపు మాట్లాడాల్సిందని అనుకునేవాడు.

ఆ రోజు కుర్చీ రిటైర్మెంట్ సంగతి తేలకముందే తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. తెల్ల కోటు, మెడలో పెద్ద హెడ్‌ఫోన్స్. పక్క గదిలో చెవి పరీక్షలు చేసి వినికిడి మిషన్లు అమర్చే ఆడియాలజిస్టు. రెండు గదులకీ మధ్య ఉన్నది పేరుకే గోడ. నిజానికి ప్లైవుడ్ చెక్క.

"ఏమండీ, మీ క్లయింట్లని కాస్త గట్టిగా మాట్లాడమంటారా?"

అతను ఉలిక్కిపడ్డాడు. "గట్టిగానా? ఎవరైనా మెల్లగా మాట్లాడమంటారు కదండీ."

"నెల రోజుల్నించి మీ గొంతొక్కటే వినిపిస్తోంది. అవతలివాళ్ళది ఒక్క ముక్క వినపడితే ఒట్టు! అందరి చెవులూ చూసేదాన్ని, నా చెవులే పోయాయేమోనని నిన్న నాకు నేనే టెస్టు చేసుకున్నాను."

"ఏమని వచ్చింది?"

"భేషుగ్గా ఉన్నాయి." ఆమె కుర్చీ వంక చూసింది. "ఏరీ, మీ క్లయింటు?"

"ఆయన... ఇప్పుడే వెళ్ళారు."

"మెట్లకి దారి నా గుమ్మం ముందు నుంచే కదా. కిటికీలోంచి దూకారా?"

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఇతనిది అతకలేదు. ఆమె నవ్వాపుకుంటూ వెళ్ళిపోయింది. మర్నాడు నాలుగింటికి మాత్రం ఫ్లాస్కు నిండా టీ, రెండు కప్పులు పట్టుకొచ్చింది.

అప్పటి నుంచి సాయంత్రం నాలుగింటి వేళ అతని రోజుకి నడిమధ్య అయి కూర్చుంది. పొద్దుటి నుంచి నాలుగింటి కోసం చూసేవాడు, నాలుగున్నర నుంచి మర్నాటి నాలుగింటి కోసం చూసేవాడు. ఆమెకీ వారానికి వచ్చే పేషెంట్లు నలుగురే. ఊళ్ళో ఆమెకీ నా అన్నవాళ్ళు లేరు. ఆ మాట ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు, ఆ చుట్టుపక్కలే తిరుగుతూ కబుర్లాడేవారు.

ప్రేమలో పడడానికి వానే కురవాలని రూలేం లేదు గానీ, ఒకనాడు వాన కూడా వచ్చింది. కరెంటు పోయింది. ఇద్దరూ వరండా కిటికీ దగ్గర నిలబడ్డారు. జల్లు ఆమె చెంప మీద పడింది, ఆమె తుడుచుకోలేదు. చెప్పాలనుకున్నది అతని గొంతు దాకా వచ్చింది. వచ్చి, దారి తప్పింది.

"మీకు టర్మ్ ఇన్సూరెన్స్ ఉందా?"

ఆమె చాలాసేపు అతన్నే చూసింది. "లేదు," అని లోపలికెళ్ళిపోయింది.

రెండు రోజులు టీ రాలేదు. మూడో రోజు ఆమె వచ్చింది గానీ ఫ్లాస్కు లేదు. ఫీజు కవరు టేబుల్ మీద పెట్టి కూర్చుంది.

"నాకో ప్లాన్ కావాలి. వేరే ఊళ్ళో పెద్ద హాస్పిటల్. రైల్లో తొమ్మిది గంటలు. చెవి విభాగానికి హెడ్‌గా రమ్మంటున్నారు. ఉండి క్లినిక్ నడపాలా, మూసేసి వెళ్ళాలా? వారంలో చెప్పాలి వాళ్ళకి."

అతను కవరు ముట్టుకోలేదు. అయినా, నేర్చుకున్న విద్య ముందుకొచ్చింది.

"ముందు ఒక నిజం చెప్పాలండీ. నాకు క్లయింట్లెవరూ లేరు. మీరే మొదటివారు. ఇన్నాళ్ళూ చెప్పింది... ఆ కుర్చీకే."

"తెలుసు లెండి. మీరడిగే ప్రశ్నలకి అవతల కూర్చుని నేనే జవాబులు చెప్పుకునేదాన్ని."

"మీరా? ఎందుకు?"

"నన్ను కూడా అవన్నీ ఎవరూ అడగలేదు కదా," అంది ఆమె, కవరు సర్దుతూ.

వారమంతా అతను ఆ లెక్కలతోనే కాపురం చేశాడు. ఎటు తిప్పి ఎటు వేసినా జవాబు ఒకటే వచ్చింది. వెళ్ళాలి. క్లినిక్ ఇంకో ఏడాదికి మించి నిలవదు. కంప్యూటర్ పట్టికలో ఒక్క గడి మారిస్తే మాత్రం అంతా తిరగబడుతుంది. 'పేషెంట్లు ఏటా ఐదు శాతం పెరుగుతారు' అన్నచోట ముప్ఫై అని కొడితే చాలు, ఆమె ఇక్కడే ఉండిపోతుంది. కొట్టాడు. ఆ అబద్ధాన్ని సాయంత్రం దాకా అలాగే ఉంచుకుని చూశాడు. చాలా అందంగా ఉంది.

అక్క ఫోన్ చేసింది. "బోణీ అయిందా?"

"అయిందక్కా."

"మరి ఆ ఏడుపు గొంతేంట్రా?"

"మొదటి క్లయింటుకే ఊరు వదిలి వెళ్ళమని చెప్పాలి. చెప్పబుద్ధి కావట్లేదు."

 "ఆడపిల్లా?" అంది అక్క. అతను సిగ్నల్ సాకు చెప్పలేదు. "ఊఁ" అన్నాడు.

"మోసం మాత్రం చెయ్యకురా."

ముప్ఫై చెరిపి ఐదు పెట్టాడు.

గడువు రోజున ఆమె ప్లాన్‌లో పేజీలన్నీ చదివి ఆఖరి పేజీ దగ్గర ఆగింది. ప్రతి ప్లాన్‌కీ ఆ పేజీ ఉండి తీరాలి. క్లయింటు తీసుకునే నిర్ణయంలో సలహాదారుకి సొంత లాభం గానీ నష్టం గానీ ఉంటే అక్కడ రాసివ్వాలి. మామూలుగా అందరూ 'లేదు' అని రాస్తారు. ఇతను ఇలా రాశాడు:

'ఉంది. క్లయింటు వెళ్ళిపోతే సలహాదారు తట్టుకోలేడు. అతను ఆమెని ప్రేమిస్తున్నాడు. అయినా పైన ఇచ్చిన సలహా సరైనదే. వెళ్ళండి.'

ఆమె రెండుసార్లు చదివింది. అతను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"లెక్క మార్చేసి ఉండమనొచ్చుగా?"

"మార్చాను. ఒక సాయంత్రమంతా మార్చే ఉంచాను. తర్వాత చెరిపేశాను."

ఆమె కళ్ళు తడిశాయి. ఈసారి వాన లేదు, వంక పెట్టడానికి. "సలహా బాగుంది. వెళ్తాను."

"మంచిదండీ," అన్నాడతను.

"ఇంత స్వార్థం ఉన్న మనిషి నాకు ప్లానర్‌గా ఉండొచ్చా?"

"ఉండకూడదు."

"అయితే నా ఫైలు మూసేయండి."

మూసేశాడు. ఉన్న ఒక్క క్లయింటూ పోయింది. ఆమె లేచింది గానీ గుమ్మం వైపు వెళ్ళలేదు.

"ఇప్పుడు మీకెంతమంది క్లయింట్లు?"

"ఎవరూ లేరు."

"ఆ లేకపోవడమేదో అక్కడికొచ్చి లేకుండా ఉండొచ్చుగా? నా జీతం వస్తుంది. మీకు బోణీ అయ్యేదాకా ఆగగలను."

అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందు రావాలో తెలియక రెండూ ఒకేసారి వచ్చాయి.

"ఎప్పుడు చేరాలి మీరు?"

"సోమవారం."

"నాకు సామాను పెద్దగా లేదండీ. ఒక్కణ్ణేగా."

"ఆ మాట ఇక మానెయ్," అంది ఆమె. అతని పక్కన నిలబడి ఫోన్‌లో రైళ్ళు వెతికింది, రెండు టికెట్లకి.