ఉప్పు తినే గోడౌను

గోపాలపూర్‌లో పాత రంగూన్ గోడౌను పక్కనుంచి చీకట్లో ఎవరూ ఒంటరిగా నడిచేవారు కాదు. ఇప్పుడక్కడ గోడౌను లేదు, మొండిగోడ ఒకటి మిగిలింది. అయినా మా వాళ్లు అటు పోరు. నన్నడిగితే నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. పగటిపూట అసలే లేదు.

మా జిల్లా ఇంకా మద్రాసు కింద ఉన్న రోజులవి. జర్మనీ యుద్ధం అయిపోయి రెండేళ్లయింది. రంగూన్ ఓడల సరుకు దాచే ఆ గోడౌను అప్పటికే మూతపడింది. తలుపుకి తాళం, కిటికీలకి చెక్కలు. లోపల మనిషి ఉండే వీలు లేదు. కానీ చీకటి పడితే లోపలినుంచి చప్పుడు వచ్చేది... టిక్... టిక్... టిక్... ఎవరో గోరుతో రేకు మీద కొడుతున్నట్టు.

బరంపురం గేట్ బజార్‌కి చేపలు మోసే ఆడవాళ్లు తొలికోడి కూయకముందే గంపలెత్తుకుని ఆ దారినే పోవాలి. అందుకని వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. చేపల మీద చల్లే రాళ్లుప్పు గుప్పెడు కొంగున ముడేసుకొచ్చి, గోడౌను దగ్గరకి రాగానే గడప మీదకి విసిరేసి, వెనక్కి చూడకుండా పోయేవారు. ఉప్పు దాటుకుని దెయ్యం రాదని వాళ్ల ధైర్యం.

చిక్కల్లా ఏమిటంటే — తెల్లారేసరికి గడప మీద ఒక్క ఉప్పు కల్లు కూడా మిగిలేది కాదు.

"ఉప్పుకి బయపడే దెయ్యాలున్నాయి గానీ, ఉప్పు తినే దెయ్యమేటే ఇది" అనుకున్నారు. ఆ రోజునుంచి నలుగురేసి కలిసి నడవడం మొదలుపెట్టారు. రోజూ ఉప్పు వెయ్యడం మాత్రం మానలేదు. మానితే ఇంకేం తింటుందో అని.

ఒంటరిగా పోయేది జగ్గమ్మ ఒక్కతే. ఆమెకి దెయ్యాలకి భయపడేటంత తీరిక లేదు.

జగ్గమ్మకి ఒక్కడే కొడుకు, కాసులు. యుద్ధంలో కూలీ పటాలంలో చేరి ఫ్రాన్సు పోయాడు. తుపాకీ పట్టడానికి కాదు, గోతులు తవ్వడానికీ మూటలు మొయ్యడానికీ. కూడా పోయినవాళ్లు తిరిగొచ్చారు. కాసులు రాలేదు. వాడి బదులు ఒక కాగితం వచ్చింది. అందులో "తప్పిపోయెను" అని ఉంది.

చనిపోయెను అని లేదు. జగ్గమ్మ ఆ ఒక్క మాట పట్టుకుని రెండేళ్లు బతికింది. తప్పిపోయినవాడికి ఎప్పుడో దారి దొరుకుతుంది కదా.

కోడలు అమ్మడుకి అప్పటికి ఇరవై కూడా నిండలేదు. రాత్రి చాప పరిస్తే, తల వైపు గోడకి మూరెడు ఎడంగా పరిచేది. దానికో కారణం ఉంది. కాసులుకి తెప్ప మీద కునుకు తీసే అలవాటు. ఇంట్లో పడుకున్నా మోకాళ్లు డొక్కలోకి ముడుచుకుని, ఎడమ చెయ్యి తల పైకి చాచి, తాడు పట్టుకున్నట్టు పిడికిలి బిగించేవాడు. ఆ చెయ్యి గోడకి కొట్టుకోకుండా మూరెడు జాగా. పడుకునే మనిషి లేకపోయినా అమ్మడు ఆ జాగా వదలడం మానలేదు. అది చూసినప్పుడల్లా జగ్గమ్మ మొహం తిప్పుకునేది.

అమ్మడు అన్నదమ్ములు ఊరుకోలేదు. వలలు అల్లే సోములు పిల్లని మారుమనువు చేసుకుంటానన్నాడు. పంచాయితీ పెట్టారు. గురువులనే కులపెద్ద అందరి మాటా విని, జగ్గమ్మ వైపు తిరిగాడు.

"సోమారం దాకా సూస్తాను జగ్గమ్మా. నీ కొడుకు బతికున్నాడంటే పిల్ల నీ కాడే ఉంటాది. సచ్చిపోనాడంటే ఎల్లిపోతాది. ఆ మాట కన్నతల్లివి, నువ్వే అనాల. మరొకలు అంటే సెల్లదు."

ఎలా అంటుంది? అన్న మర్నాడే వాడు ఓడ దిగితే? అనకపోతే, ఆ పిల్ల గోడకి మూరెడు జాగా వదులుకుంటూనే ముసలిదైపోతుంది. జగ్గమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. ఎవరైనా వచ్చి ఉన్నాడనో లేడనో ఒక్క మాట చెబితే కాళ్లు పట్టుకునేది. చెప్పేవాళ్లు లేరు.

ఆదివారం తెల్లవారుజామున గంప ఎత్తుకుంటూ ఉండగా ఆమెకి తోచింది.

మా వాళ్లలో శవాన్ని పూడ్చేటప్పుడు గోతిలో ఉప్పు పోస్తారు. మరి ఎక్కడో పరాయి దేశంలో, ఎవరూ ఉప్పు పొయ్యకుండా పడున్నవాడు... ఉప్పు కోసం రాడా? గోడౌనులో చప్పుడు మొదలైంది పటాలం వాళ్లు తిరిగొచ్చిన ఏడాదే. అందరూ విసిరే ఉప్పుని ఏరుకు తింటున్నది ఎవరు?

వాడే అయితే బాగుండుననీ, వాడు కాకపోతే బాగుండుననీ, రెండూ ఒకేసారి కోరుకుంటూ నడిచింది.

గోడౌను దగ్గర ఎవరూ లేరు. సముద్రం హోరు ఒకటే. లోపల... టిక్... టిక్...

జగ్గమ్మ గంప దించింది. ఉప్పు విసరలేదు. పిడికిట్లోనే పట్టుకుని, తలుపుకి చెవి ఆనించింది.

"కాసులూ..."

చప్పుడు ఆగిపోయింది.

"నువ్వయితే పలుకు నాన్నా. నాకు బయం నేదు." తలుపు సందుకి నోరు ఆనించింది. "సచ్చిపోనానని నీ నోటితోటే సెప్పీ. నానొక్కదాన్నీ అనలేకపోతన్నాను..."

లోపల ఏదో కింద పడింది. తరవాత... ఏడుపు. మగవాడి ఏడుపు. నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడుస్తున్నట్టు.

జగ్గమ్మ పక్క కిటికీ చెక్క పట్టుకుని లాగింది. మేకులు పేరుకే ఉన్నాయి. చెక్క ఊడి చేతికొచ్చింది. కిందికి వంగి లోపలికి దూరింది.

ఒక బుడ్డి దీపం. దీపం పక్కన గడ్డం పెరిగిన మనిషి, ఎముకలకి చర్మం తగిలించినట్టున్నాడు. ఆమెని చూసి గోడకి అతుక్కుపోయాడు.

కాసులు కాదు. ఆ క్షణంలో ఆమెకి సంతోషం కలిగిందో, ప్రాణం పోయినట్టయిందో ఆమెకే తెలియలేదట.

"ఎవులివి నువ్వు?"

"నేను... నీలకంఠాన్ని, జగ్గమ్మా."

ఇదీ మన దెయ్యం. బరంపురం పంతుళ్ల కుర్రాడు, కాసులున్న కూలీ పటాలంలోనే రైటరు. కూలీలకి ఉత్తరాలు రాసిపెట్టడం, రోజూ హాజరు పట్టీ రాయడం అతని పని. సముద్రం దాటొచ్చాడని ఇంట్లోవాళ్లు వంటింటి గడప తొక్కనివ్వలేదు. దాంతో రంగూన్ పోయాడని అందరూ అనుకున్నారు. గోడౌను తాళం చెవి ఉన్న గుమాస్తా లక్ష్మీనరసింహం అతని మేనమామ. వారానికోసారి గుట్టుగా బియ్యం ఇచ్చిపోయేవాడు.

నీలకంఠం ముందు పలక మీద ఏదో ఉంది. జానాబెత్తెడు పొడుగు. పక్కనుంచి చూస్తే వాలుగా సాగదీసిన పెట్టెలా ఉంది. పెట్టె చుట్టూ కిందనుంచి పైదాకా ఇనప పట్టా తిరిగింది. రెండు పక్కలా చిన్న ఫిరంగులు. ఒళ్లంతా తుప్పు, పెచ్చులూడిన రంగు, ఎండిన బురద. ఎన్నో ఏళ్లు వానలో నానిన దానిలా ఉంది.

"ఇదేటి బాబూ?"

"టాంకు. యుద్ధంలో నడిచే ఇనప బండి. అడుగుకి అరంగుళం లెక్కన చేశాను." అడిగినదానికి ఆగకుండా గబగబా చెప్పుకుపోయాడు, ఆగితే ఇంకేదో అడుగుతుందేమోనన్నట్టు. "రేకు కిరసనాయిలు డబ్బాది. ఈ బొడిపెలు చూడు, వెనకనుంచి మేకు మొనతో ఒక్కొక్కటీ కొట్టాలి. పట్టాకి ఒక్కో పక్క తొంభై బిళ్లలు. పొగ గొట్టం దగ్గర దీపం మసి. కింద ఉప్పుటేరు బురద, తుమ్మజిగురు కలిపి పోశాను."

"మరి ఉప్పేటి సేసినావు?"

"తుప్పు కోసం. ముందు జేగురు నూనెలో కలిపి పూస్తాను. తడిగా ఉండగా ఉప్పు చల్లి, ఆరాక పైన బురద రంగు వేస్తాను. తరవాత నీళ్లు కొడితే ఉప్పు కరిగిపోయి, అక్కడక్కడ లోపలి తుప్పు బయటపడుతుంది. మామయ్య తెచ్చే సన్నుప్పుకి చుక్కలే వచ్చేవి. మీ రాళ్లుప్పుకి పెచ్చులు వస్తాయి. నేను చూసిన బండికి... అలాగే ఉండేది."

"ఎన్నాళ్లయి సేస్తన్నావు?"

"రెండేళ్లు. పదకొండుసార్లు రంగు గీకేశాను. తుప్పు సరిగ్గా కుదరలేదు. కుదిరిన రోజు నీ దగ్గరకి తెచ్చి చూపిద్దామనుకున్నాను."

నన్నడిగితే మొదటిసారే కుదిరి ఉంటుంది. కుదరకుండా అతనే చూసుకున్నాడు. పని పూర్తయిన రోజు నోరు విప్పాలి కదా మరి.

"నాకెందుకు బాబూ సూపడం?"

నీలకంఠం దీపం వత్తి ఎగదోశాడు. అది చిటపటమంది. బయట ఎక్కడో కోడి కూసింది.

"ఆ రాత్రి వాన," అన్నాడు. "గుడారాల్లో చోటు లేదు. చెడిపోయిన టాంకు ఒకటి బురదలో నిలబడి ఉంది. కింద పొడిగానే ఉంది, అక్కడ పడుకోరా అన్నాను కాసులుతో. అన్నది నేనే... తెల్లారి వెళ్లేసరికి అది బురదలోకి దిగిపోయింది. అడుగున ఖాళీ లేదు. పిలిచాను. పలకలేదు."

జగ్గమ్మ చూపు ఆ బండి మీదే ఉంది.

"టాంకు కింద ఎవరూ పడుకోకూడదని హుకుం. నా మెడకి చుట్టుకుంటుందని భయపడ్డాను. ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు పట్టీలో వాడి పేరుకెదురుగా 'తప్పిపోయెను' అని రాశాను. నీకొచ్చిన ఆ మాట నాదే, జగ్గమ్మా."

రెండేళ్లు. ఆ మాట మీదే ఆమె అన్నం తిన్నది, నిద్రపోయింది, కోడల్ని కట్టిపడేసింది. గంపలోని చేప కోసే కత్తి అందుకున్నా తప్పు పట్టేవాళ్లు లేరు. కానీ జగ్గమ్మ అడిగింది వేరు.

"కిందన... ఏ పక్కన?"

నీలకంఠం వేలితో చూపించాడు.

ఆమె ఎడమ చేత్తో టాంకుని పట్టుకుని పైకెత్తింది. ఎండిన బురద చిటుక్కుమని విడిచింది.

"ఇంత తేలిగ్గా ఉందేటి" అంది. ఆ మాట అన్నాకే ఏడుపొచ్చింది ఆమెకి. వెక్కుతూ, ఒళ్లో దాన్ని పెట్టుకుని, పలక మీద మిగిలిన బురద వైపు చూసింది.

చూసి, ఏడుపు ఆపేసింది.

"ఇది గూడా నువ్వే సేసినావా బాబూ?"

"ఏది?"

దీపం దగ్గరకి తెచ్చాడు. టాంకు కింద ఉన్న బురదలో, సరిగ్గా నడిమధ్యన, వేలెడంత గుంట. మనిషి పడుకున్న అచ్చు. మోకాళ్లు డొక్కలోకి ముడుచుకుని ఉన్నాయి. ఎడమ చెయ్యి తల పైకి చాచి ఉంది. కొసన పిడికిలి... గింజంత... బిగించి ఉంది.

నీలకంఠం దీపం కింద పెట్టేసి వెనక్కి జరిగాడు.

"నేను చెయ్యలేదు. పచ్చి బురద పోసి, బండిని ఎక్కించానంతే. మనిషిని చెయ్యడానికి నాకు చేతులు రాలేదు. ఒట్టు, జగ్గమ్మా... వాడెలా పడుకుంటాడో నాకు తెలియను కూడా తెలియదు. నా గుడారం వేరు."

జగ్గమ్మ పలక మీదకి వంగింది. ఇంతసేపూ మూసి ఉన్న కుడి పిడికిలి విప్పింది. చెమటకి తడిసిన రాళ్లుప్పు ఆ గుంటలోకి మెల్లగా జారవిడిచింది. తల దగ్గర, చెయ్యి దగ్గర, కాళ్ల దగ్గర. గుంట నిండాక, పక్కనున్న పచ్చి బురద బొటనవేలితో తెచ్చి పూడ్చేసింది.

టాంకుని నీలకంఠం చేతికిచ్చింది.

"దీన్ని మరి ఆడి మీదకి ఎక్కించకు బాబూ."

ఆ రోజు చేపలు గేట్ బజార్ చేరలేదు. నిండు గంపతో జగ్గమ్మ తిన్నగా గురువులు వాకిట్లోకి పోయింది. అతను పళ్లు తోముకుంటున్నాడు.

"నా గుంటడు సచ్చిపోనాడు. ఉప్పేసి పూడ్సీసినాను," అంది. "పిల్లని పంపీండి."

మర్నాటినుంచి గోడౌనులో చప్పుడు లేదు. గడప మీద విసిరిన ఉప్పు తెల్లారినా అలాగే ఉండేది, మంచుకి చెమ్మగిల్లి. నీలకంఠం ఎటు పోయాడో, టాంకుని ఏం చేశాడో ఎవరికీ తెలియదు.

బురద ఆరితే బీటలు వారుతుంది. బీటలో దేన్నయినా చూడొచ్చు. కడుపుకోతలో ఉన్న తల్లికి కొడుకు కనపడటంలో వింతేముంది? ఎవరడిగినా నేను ఇదే చెబుతాను.

ఈ కథ నాకు చెప్పింది మా అమ్మ. ఆమె పేరు అమ్మడు. మా నాన్న పేరు సోములు.

నేను ఎప్పుడూ తెప్ప ఎక్కినవాణ్ణి కాను. వల అల్లడం కూడా రాదు. బరంపురంలో గుమాస్తా పని చేసుకుంటున్నాను. మా నాన్న వెల్లకిలా, కదలకుండా పడుకునేవాడు. నాకు మూడేళ్లప్పుడు జగ్గమ్మ చేపల గంపతో మా ఇంటికొచ్చిందట. నేను నిద్రపోతున్నాను. నన్ను చూసి గంప దించి, నేను లేచేదాకా నా పక్కనే కూచుందట. బజారు వేళ దాటిపోయినా లేవలేదట. పోయేటప్పుడు ఉప్పుతో నాకు దిష్టి తీసి పోయిందట.

మా ఆవిడకి ఈ కథ నేను చెప్పలేదు. పెళ్లయిన వారానికే తను మంచం తల వైపు గోడకి మూరెడు ఎడంగా జరిపింది. నిద్రలో నా ఎడమ చెయ్యి గోడకి కొట్టుకుంటోందని.