మూడుసార్లు చెప్పించిన మాట

కోవిల్‌పట్టిలో మా స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు ఒక రూలుంది. ఏ మాటైనా తప్పుగా పలికినవాళ్ళు లేచి నిలబడి మూడుసార్లు సరిగా చెప్పాలి. మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. ఆ రూలు పెట్టిన మొనగాణ్ణి నేనే, వసంతకుమార్‌ని.

చేరిన రోజే సుగన్య నాతో తమిళంలో తగువు పెట్టుకుంది. "చప్పట్లెందుకు సార్, ఇదేమైనా సర్కస్సా?" అంది. కోపం రావలసింది. నవ్వొచ్చింది.

ఒక వాన సాయంత్రం క్లాసు మెట్ల మీద నిలబడి ఆమె ఫోన్లో, "అమ్మా, వాన విడిచినంక వస్తాను" అంటోంది. అచ్చం మా అమ్మ మాటే! తరాలుగా తమిళనాడులో ఉంటున్న మావాళ్ళకు ఇంట్లో తెలుగు, బయటివాళ్ళతో తమిళం.

"మీరూ తెలుగేనా?" అన్నాను.

"ఆమా, తెలుగే! మీ ఇంటిపేరు ఏమి?"

"అది ఎందుకు?"

"అన్న అనాల్నా, బావ అనాల్నా తెలియద్దా?"

చెప్పాను. ఆమె సిగ్గుపడి గొడుగు అడ్డం పెట్టుకుంది. ఆ వాన ఇంకో గంట కురిస్తే బాగుండుననిపించింది.

ఆరు నెలలకు ఆమెకు విరుదునగర్‌లో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌లో ఉద్యోగం వచ్చింది. వెళ్ళేముందు మా సంగతి ఇంట్లో చెప్పిందట. నాకు మాత్రం చెప్పలేదు.

రెండు వారాల తర్వాత, పాఠం మధ్యలో, భుజాన తువ్వాలేసుకున్న పెద్దాయన ఒకరు గుమ్మంలో నిలబడ్డారు. "వెల్‌గం... అవర్ హౌస్" అన్నారు. క్లాసులో చేరడానికి వచ్చారనుకున్నాను. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం, ఈ తప్పు నేను రోజూ దిద్దేదే. నా నోరు ఊరుకుంటుందా?

"గం కాదు, కమ్. త్రీ టైమ్స్!"

పిల్లలు పకపకా నవ్వారు. ఆయన చేతులు కట్టుకుని మూడుసార్లూ చెప్పారు. చప్పట్లు మోగాయి. నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం సుగన్య ఫోను. "మా నాయన మిమ్మల్ని ఇంటికి పిలిచేదానికి వచ్చినాడు. మీరు ఇంగ్లిష్ చెప్పే వాద్యారని, ఆ మాట తమిళంలో రాసుకొని రెండు వారాలు నేర్చుకొన్నాడు."

"అయ్యో! మీ నాయనని తెలిసింటే అట్ల చేస్తానా?"

"ఇంకొకరి నాయన అయితే చేయొచ్చునా?"

రూలు మర్నాడే తీసేశాను. విరుదునగర్ వెళ్ళి ఆమె కౌంటర్ ముందు నిలబడ్డాను. సుగన్య లేని బతుకు నాకు వద్దు, ఆ మాటే చెప్పాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. "నాతో కాదు, మా నాయనతో చెప్పండి. ఆయన సరే అంటేనే" అంది.

విళాత్తికుళం అవతల వాళ్ళ ఊరు. వాళ్ళ నాయన వెంకటసామిగారు వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తున్నారు.

"మామా, తప్పు నాది. మన్నించండి" అన్నాను.

ఆయన కుర్చీ వేశారు. "పరవాయిల్ల సార్" అన్నారు. పరవాలేదని, వాద్యారు తప్పు దిద్దడం న్యాయమేనని, మనసులో ఏమీ పెట్టుకోలేదని, అదంతా తమిళంలోనే చెప్పారు. నేను తెలుగులో మళ్ళీ బతిమాలాను. మళ్ళీ తమిళంలోనే జవాబు వచ్చింది.

తర్వాత ఇంట్లోకి తిరిగి భార్యతో తెలుగులో అన్నారు: "సార్‌కు మజ్జిగ ఇయ్యి. బస్సుకు పోతాడు."

నన్ను తెలుగులో తిట్టినా బాగుండేది. మజ్జిగ తాగి బస్సెక్కాను.