ఇస్త్రీ చేసే రోజు

ఆ మంగళవారం ఉదయం బ్యాంకుకు బయల్దేరుతూ కోడలు అత్తగారి గదిలోకి తొంగిచూసింది. మంచం మీద దుప్పటి నలగకుండా పరిచి ఉంది. మనిషి లేదు.

నలభై ఏళ్లపాటు ఆ ఇంట్లో వారాలు అత్తగారి చేతుల మీదుగానే నడిచాయి. సోమవారం దుప్పట్లు ఉతకడం, మంగళవారం ఇస్త్రీ, బుధవారం చిరుగులూ గుండీలూ, శనివారం అలమరాలు సర్దడం. ఆవిడ మడతపెట్టిన చీర పెట్టెలో ఏడాది ఉన్నా మడత చెదిరేది కాదు. చూపు మందగించి, పోయినేడు కొడుకు చొక్కా కాల్చేసింది. అప్పటినుంచి ఇస్త్రీపెట్టె అటకెక్కింది, బట్టలు లాండ్రీకి వెళ్తున్నాయి, మిగతా పనులూ కోడలు మాన్పించింది. "ఇన్నాళ్లూ చేశారు, ఇక హాయిగా కూర్చోండి అత్తయ్యా" అని కోడలు మనస్ఫూర్తిగానే అంది.

వీధి చివర టైలరు కొట్లో దొరికింది ఆవిడ. నడుం వంచి, మొహం బల్లకి దగ్గరగా పెట్టి, ఎవరిదో చొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది.

"ఏంటత్తయ్యా ఇది? ముసలావిణ్ణి పనికి పంపుతున్నారని నలుగురూ మమ్మల్ని ఆడిపోసుకోరూ?"

టైలరు నీళ్లు నమిలాడు. "నేను రమ్మనలేదమ్మా. రెణ్ణెల్లుగా ప్రతి మంగళవారం ఆవిడే వస్తున్నారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నాను."

అత్తగారు ఇస్త్రీపెట్టెను నిలబెట్టింది. "ఇక్కడ నన్నెవరూ కూర్చోమనరమ్మా," అంది మెల్లగా.

కోడలికి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. "అంటే, కూర్చోబెట్టి చూసుకోవడం మా తప్పా? రేపు చెయ్యి కాల్చుకుంటే ఆస్పత్రుల చుట్టూ తిరగాల్సింది నేనేగా. ఇక మీరు గడప దాటడానికి వీల్లేదు."

 అత్తగారు చొక్కా చేతులకు కూడా ఇస్త్రీ చేసి, మడతపెట్టి, కోడలి వెంట నడిచింది.

మళ్లీ గడప దాటలేదు. కిటికీ దగ్గర కుర్చీ వేస్తే అందులోనే కూర్చుంది. మొదట్లో కోడలు నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంది. కొన్నాళ్లకు ఆవిడ తల దువ్వుకోవడం మానేసింది. తరవాత కంచంలో సగం వదిలేయసాగింది. ఒంట్లో జబ్బేమీ లేదన్నాడు డాక్టరు. వానలు వెళ్లేసరికి ఏ రోజు ఏ వారమో కూడా పట్టించుకోవడం లేదు. కొడుకు గుర్తుచేస్తే, "ఏదైతే నాకేంలే నాన్నా," అంది.

ఆ మాట విన్న దగ్గర్నుంచి కోడలికి ముద్ద దిగలేదు. మర్నాడు బ్యాంకుకు సెలవు పెట్టి, కొత్త కర్టెను గుడ్డ, సూదీదారం తెచ్చి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"అత్తయ్యా, అంచు మడిచి కుట్టడం నాకు రాదు. నేర్పరూ?"

అత్తగారు గుడ్డను ఒళ్లోకి తీసుకుంది. అంచు వెంట బొటనవేలు నడిపింది. సూదిని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చూసింది.

"దీన్ని ఎటునుంచి గుచ్చాలమ్మా?" అని అడిగింది.

"నేనే అత్తయ్యా. మీ చేతుల్లోంచి అన్నీ లాక్కున్నది నేనే," అంటూ కోడలు ఆవిడ మోకాళ్ల మీద తల ఆన్చి వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపెందుకో అత్తగారికి అర్థం కాలేదు. కుట్టు రాక ఏడుస్తోందనుకుంది. గుడ్డ కొసతో కోడలి కళ్లు తుడిచింది.

"పోనీలే తల్లీ, నిదానంగా అదే వస్తుంది," అంది. "పక్కన నేను కూర్చుంటాగా."