ఏడో గుంజ దగ్గర గవ్రీల్

చలికాలంలో అల్దాన్ నది గడ్డకట్టాక దాని మీదే దారి. ఖారా ఆరీ ఊరి ఒడ్డు నుంచి అవతలి ఒడ్డు దాకా పన్నెండు గుంజలు పాతి, ఒక్కోదానికీ ఒక దీపం కడతారు. పదకొండు గుంజల గురించి ఎవరూ ఏమీ అనరు. ఏడోదానికి మాత్రం పేరు చెడింది.

నాలుగేళ్ళ కిందట డిసెంబరులో అక్కడ మంచు విరిగి గవ్రీల్ కారు మునిగింది. మర్నాడు పైకి తీశారు. గవ్రీల్ సీటు బెల్టు విప్పుకున్నాడు, వెనక సీటులోకి కూడా వెళ్ళాడు. అద్దాలు నాలుగూ గడ్డకట్టి బిగుసుకుపోయి ఉన్నాయి. పోలీసు కాగితంలో ఉన్నదింతే.

ఆ తరవాత టపా బండి అతని భార్య మత్రోనాకి ఇచ్చారు. మునిగిన కారు కాదు, వేరేది, పాత జపాను వ్యాను. ఉత్తరాలతో పాటు మనుషుల్నీ ఎక్కించుకుంటుంది. ఆరో గుంజ రాగానే తన పక్క అద్దం దించుతుంది. మంచు విరిగితే బయటపడేందుకు అన్ని అద్దాలూ దించాలని ఒడ్డున బోర్డు మీద కూడా రాసి ఉంది. బోర్డుని ఎవరూ లెక్కచేయరు.

గవ్రీల్‌ని లెక్కచేస్తారు. ఎందుకంటే ఏడో గుంజ దగ్గర... డ్రైవరు తలుపులోంచి... అతను మాట్లాడతాడు.

ఖర్ర్... ఖర్ర్... మ్...

"తెరువు" అంటున్నాడని కొందరు. "చలి" అంటున్నాడని అతని తల్లి. మత్రోనాకి మాత్రం మాట్లాడే ముందు మొగుడు గొంతు సవరించుకున్నట్టు వినిపించేది. పదమూడేళ్ళ కాపురంలో అతను మాట్లాడింది కూడా దాదాపు అంతే.

అది వినపడగానే మైనస్ నలభై అయిదులో కూడా మిగతా మూడు అద్దాలూ భయపడ్డ జనం చేతుల్లో వాటంతటవే దిగినట్టు దిగేవి.

ఈ ఏడాది జనం అయిదో గుంజ దగ్గరే దిగి నడవడం మొదలుపెట్టారు. ఒక ముసలావిడ కాలివేళ్ళు గడ్డకట్టి ఆసుపత్రిలో పడింది. టపా ఆఫీసు పెద్ద యెగోర్ మత్రోనాని పిలిపించాడు.

"శుక్రవారం లోపల మీ ఆయన్ని నోరు మూసుకోమను. లేదా తాళాలు ఇచ్చెయ్."

"బతికుండగానే నా మాట వినలేదు" అంది మత్రోనా.

తాళాలు పోతే ఊళ్ళో ఆమెకి మిగిలేది బడి బాయిలరు గదిలో బొగ్గు పని. అందుకని కార్ల కరెంటు పని చేసే అఫనాసీ ఇంటికి వెళ్ళింది. గవ్రీల్ స్నేహితుడే.

ఆ రాత్రి ఇద్దరూ నది మీదికి వెళ్ళారు. ఆరో గుంజ... అద్దం దిగింది. ఏడో గుంజ...

ఖర్ర్... మ్...

అఫనాసీ టార్చి ఆర్పేసి, ఆమె ఒడి మీదుగా వంగి తలుపుకి చెవి ఆనించాడు.

"వదినా, రేడియో కట్టెయ్."

కట్టేసింది. గొంతు ఆగిపోయింది.

"పెట్టు."

మళ్ళీ వచ్చింది.

"స్టేషనేదీ పలకట్లేదుగా. ఎందుకు పెడతావ్?"

"ఏదో ఒకటి మోగుతుంటే బావుంటుంది."

అఫనాసీ నిటారుగా కూర్చున్నాడు. "మన ఊపిరి అద్దం మీద మంచు కడుతుంది. అద్దం దించితే ఆ మంచు గీరుకుపోయి తలుపు లోపల స్పీకరు మీద రాలుతుంది. దాని కాగితం ముందే తడిసి గడ్డకట్టి ఉంది. రేడియో హోరుకి రెండూ కలిసి గీపెడుతున్నాయి. దెయ్యం కాదు వదినా. తేమ."

"మరి వేరే చోట ఎందుకు మాట్లాడడు?"

"వేరే చోట నువ్వు అద్దం దించవుగా."

ఆమె బండిని తన ఇంటి షెడ్డు వైపు తిప్పింది.

షెడ్డులో బండి తలుపు విప్పితే అడుగున అరచెయ్యంత మంచుగడ్డ దొరికింది. నీళ్ళు దిగిపోయే చిల్లులు మట్టితో పూడిపోయి ఉన్నాయి. అఫనాసీ చిల్లులు పొడిచి, పొయ్యి దగ్గర స్పీకరు ఆరబెట్టి, ఐస్‌క్రీం డబ్బా సగానికి కోసి దాని మీద గొడుగులా బిగించాడు.

దెయ్యం పోయిందని విని బుధవారం బండి నిండింది. ఆరో గుంజ దగ్గర మత్రోనా తన అద్దం దించింది. ఏడో గుంజ దగ్గర ఏ చప్పుడూ లేదు. వెనక ఎవరో నవ్వారు.

"అద్దాలు దించండి" అంది ఆమె.

"ఎందుకక్కా? మీ ఆయన వెళ్ళిపోయాడుగా. ఇక మమ్మల్ని చలికి చంపకు" అంది లుకేర్యా టీచరు.

మత్రోనా పక్కకి, వెనక్కి చూసింది. మూడు అద్దాలూ మూసే ఉన్నాయి. వాటి మీద మంచు ఒక వేలు మందం కట్టింది.

ఆ రాత్రి స్క్రూడ్రైవరు తీసుకుని షెడ్డులోకి వెళ్ళింది. తలుపు విప్పి గొడుగు తీసేసింది. చిల్లుల్లో గుడ్డపీలికలు కుక్కింది. కెటిల్లోంచి స్పీకరు మీద రెండు చెంచాల నీళ్ళు చిలకరించి, తలుపు బిగించి బండిని వీధి చలిలో పెట్టింది.

గురువారం గవ్రీల్ ఎప్పటికంటే గట్టిగా మాట్లాడాడు. మూడు అద్దాలూ ఒక్కసారే దిగాయి.

"వెళ్ళిపోయాడన్నారు..." అంది లుకేర్యా.

"ఊరెళ్ళాడు. వచ్చాడు" అంది మత్రోనా.

ఒడ్డు చేరగానే అందరూ నేరుగా యెగోర్ దగ్గరికి వెళ్ళారు. శుక్రవారం పొద్దున యెగోర్ అఫనాసీని రప్పించాడు. అఫనాసీ తలుపు వైపు చూశాడు. స్క్రూల మీద కొత్త గీతలు మెరుస్తున్నాయి. మత్రోనా వైపు చూశాడు.

"ఇది నా వల్ల కాదు. దెయ్యమే" అన్నాడు.

యెగోర్ తాళాలు తీసుకుని నికోన్ అనే కుర్ర డ్రైవరుకి ఇచ్చాడు.

"చూసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా అక్కా?" అని అడిగాడు నికోన్.

"రేడియో కట్టెయ్యకు. ఆరో గుంజ దగ్గర నీ అద్దం దించు. మిగతావి ఆయన చూసుకుంటాడు."

మూడు గంటలకే చీకటి పడింది. మత్రోనా వేటకి వాడే బైనాక్యులర్ పట్టుకుని ఒడ్డున నిలబడింది. బండి ఆరో దీపం కిందికి వచ్చింది. డ్రైవరు వైపు నుంచి తెల్లటి ఆవిరి ఒకటి బయటికి పొంగింది.

ఏడో దీపం...

రెండోది. మూడోది. తరవాత కాసేపు ఏమీ లేదు. వెనక ఎడమ కిటికీ ఒక్కటే మిగిలింది. ఆమె పెదాల్లోనే లెక్కపెడుతూ ఆగింది.

నాలుగోది వచ్చింది.

బైనాక్యులర్ మెడలో వేసుకుని, బాయిలరు గదిలో ఎప్పట్నుంచి రమ్మంటారో కనుక్కోడానికి బడి వైపు నడిచింది.