గడ్డకట్టిన అల్యూమినా

కల్లూరు షేర్ ఆటో ఎక్కిన కెమిస్టు గాబ్రియేలు దిగాల్సిన చోట దిగలేదు. పక్కన కూర్చున్నవాడు అతని పక్కటెముకల సందున సన్నటి కత్తి దించి, దర్జాగా చార్జీ ఇచ్చి మరీ దిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కడపలో, నాపరాళ్ల యార్డులో, ఏజెంట్ జయపాల్‌కు బ్రీఫింగ్. బండలమ్మే నాగక్కే సీక్రెట్ సర్వీస్ చీఫని ఊళ్లో ఒక్కరికీ తెలియదు.

"గాబ్రియేలు చచ్చేముందు ఫోన్ చేసినాడప్పా. కల్లూరు సిరామిక్ ఫ్యాక్టరీలో జవాన్ల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లకు పలకలు పోస్తారు గదా, ఆ అల్యూమినా పాలల్లో మోసం ఉండాదంట."

"ఏం మోసమక్కా?"

"పాలంటే నీళ్లల్లో కలిపిన అల్యూమినా పొడి రేణువులే. పాలిమర్ వాటికి అంటుకొని, ఒకదానికొకటి తగలకుండా దూరం తోస్తాది. ఆ పాలిమర్ మార్చేసినారు. కొత్తది రేణువును సరిగ్గా పట్టుకోదు. పోసేటప్పుడు చూస్తే నిగనిగలాడే పాలే. అచ్చులోకి పోయినాక లోపల గడ్డలు కడతాది. తూటా తగిలితే పలక అప్పడం మాదిరి పగులుతాది."

"పోసేదెప్పుడు?"

"ఈ మధ్యాన్నం మూడింటికి. నాలుగు వేల పలకలు. చేయించేది మార్కో అనే విదేశీ ఏజెంట్. పోలీసులను పంపితే పారిపోతాడు. నాకు వాడు ప్రాణాలతో కావాల. లోపల మన మనిషి క్వాలిటీ మేనేజర్ తనూజ."

"పలకలు ఏ బెటాలియన్‌కక్కా?"

నాగక్క చెప్పింది. జయపాల్ తమ్ముడు ఏసుబాబు పనిచేసేది అందులోనే.

రెండున్నరకు బండల పాలిష్ కూలీ ఒకడు ఫ్యాక్టరీ గేటు దాటాడు. మాసిన లుంగీ, భుజాన ఆక్సాలిక్ ఆమ్లం పొడి సంచి, చేతిలో పాలిష్ మిషన్, మిషన్ కడుపులో పిస్టల్, చొక్కా గుండీలో కెమెరా, లుంగీ మడతలో సంకెళ్లు. నెమలికంఠం రంగు చీర, నల్లకళ్లద్దాలతో తనూజ ఎదురొచ్చింది. అబ్బ, ఏం అందం!

"బండ నున్నగుందా?" అన్నాడు జయపాల్ కోడ్ ప్రకారం.

"జారేంత," అని నవ్వి, ట్యాంకు మీది ఇనుప మెట్ల పైకి తీసుకుపోయింది.

పైకెక్కగానే మెడకు చల్లగా తుపాకి తగిలింది.

"గాబ్రియేలు కూడా నన్ను నమ్మినాడు," అంది తనూజ.

పంపు చాటునుంచి మార్కో వచ్చాడు. ఇనుపరాడ్‌తో ఒక్కటేశాడు. జయపాల్ ఎడమచేతి వేళ్లు రెండు పటపటా విరిగాయి. పిస్టల్ లాక్కున్నారు, గుండీ పీకారు. తనూజ సంచి విప్పి చూసి కాలితో తోసేసింది. "బండలకు మెరుగు పెట్టే పొడి." సంతకాలు పెట్టడమే తప్ప కెమిస్ట్రీ తెలియని మేనేజర్ ఆమె.

సరిగ్గా మూడు. పంపు మోగింది. గాజు పైపులో తెల్లటి పాలు జానెడు జానెడుగా అచ్చుల వైపు పాకుతున్నాయి.

జయపాల్ తలతో మార్కో ముక్కు పగలగొట్టాడు. తనూజ కాల్చింది. తూటా భుజం చీల్చుకుపోయింది. రక్తం కారుతున్న చేత్తోనే సంచి ఎత్తి, ఇరవై కిలోల ఆమ్లాన్నీ ట్యాంకులో కుమ్మరించాడు. అంతంతమాత్రంగా అంటుకున్న పాలిమర్ ఆమ్లం తగలగానే ఛార్జ్ పోగొట్టుకుని ముడుచుకుపోయింది. రేణువులు ఒకదాన్నొకటి కరుచుకున్నాయి. చూస్తుండగానే పాలు గట్టి పెరుగయ్యాయి.

మార్కో రాడ్‌తో మీదికి దూకాడు. జయపాల్ పక్కకు తప్పుకున్నాడు. వాడు తలకిందులుగా ట్యాంకులో పడ్డాడు. లోపల పాలు కలుపుతూ తిరుగుతున్న ఉక్కు రెక్క వాడి మెడ విరిచింది. తెల్లటి ముద్ద ఎర్రబడింది. పంపు గురగురమని బిగుసుకుపోయింది. పైపులో పాలు మొదటి అచ్చుకు బెత్తెడు దూరంలో ఆగాయి.

తనూజ మళ్లీ గురిపెట్టేలోపు జయపాల్ ఆమె మణికట్టు విరిచి, రెయిలింగుకు సంకెల వేశాడు. ఫోన్ తీశాడు.

"పలక ఒక్కటీ పోయలేదక్కా. తనూజ దొరికింది. మార్కో మాత్రం మిగల్లేదు."

"ప్రాణాలతో తెమ్మంటి గదప్పా!" నాగక్క తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది.

తర్వాత తమ్ముడికి ఫోన్ కలిపాడు. "ఏసుబాబూ, కొత్త జాకెట్లు ఇప్పట్లో రావంటరా."

"అయ్యో! పాతది శానా బరువన్నా. భుజాలు పడిపోతాండాయి."

"మొయ్‌రా," అన్నాడు జయపాల్, విరిగిన చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ. "నోరు మూసుకోని మొయ్."