నెమలిమెట్ట వర్ణసాక్షి

కొండ పడమటి భుజం మీద పచ్చ ఇంకా చిక్కగానే ఉంది. వరహాలరావు రంగుకత్తి కొనతో కాస్త రంగు తీసుకుని, చెయ్యి పూర్తిగా చాచి, కొండకు అడ్డంగా పట్టుకున్నాడు. ఎడమకన్ను మూశాడు. కత్తి మీది పచ్చ, వాలు మీది పచ్చ ఒకదానిలో ఒకటి కరిగిపోవాలి. కరగలేదు. కత్తి అంచు స్పష్టంగా కనబడుతూనే ఉంది.

"పచ్చిక ఎక్కువైంది," అన్నాడు. "మధ్యమధ్య ఎర్రమట్టి కనబడాలి. ఈ భుజం ఎప్పుడూ ఒకే ముద్దలా లేదు."

"ఎంత శాతం తగ్గించాలి?" ఆయన కూర్చున్న మంచె స్తంభంలోంచి, కొండను కట్టిన యంత్రం స్థలకర్త గొంతు వినిపించింది.

"శాతాలు నాకు రావు. ఇదిగో, ఈ కత్తి మీద ఉన్నంత."

స్తంభం మీది కటకం వంగి కత్తి మీది రంగును చదువుకుంది. కాసేపటికి కలుపుబండ్లు రెండు వాలు మీదికి పాకి, పచ్చికను అక్కడక్కడా దువ్వినట్టు తీయసాగాయి. ఎర్రమట్టి బయటపడింది. వరహాలరావు మళ్లీ చెయ్యి చాచాడు. ఈసారి కత్తి అంచు కొండలోకి మాయమైంది. ఆయన రంగును గుడ్డకు తుడిచి, అయిందన్నట్టు తల ఊపాడు. ఎండ మొహం మీద పడుతోందని కాబోలు, మంచె పైకప్పు తనంతట తానే ఒక మూర ముందుకు జరిగింది. ఆ ఉపకారానికి ఆయన రోజూ స్తంభానికి కృతజ్ఞతలు చెబుతాడు.

ఒకప్పటి నెమలిమెట్టను ఖనిజం కోసం తవ్వుకుపోయారు. చివరికి మిగిలింది పెద్ద గుంట, దాని పక్కన బూడిదరంగు తుక్కు. ఆ తుక్కుతోనే స్థలకర్త కొండను తిరిగి పేర్చింది. ఎత్తు, వంపు పాత కొలతల పటాల్లో దొరికాయి. ఎక్కడ ఏ గడ్డి, ఏ రాయి పక్కన ఏ పొద ఉండేదో చెప్పే సాక్ష్యం మాత్రం దొరకలేదు. ఫొటోలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. కాకపోతే వాటిలో ఏది కొండను చూసి తీసిందో, ఏది యంత్రం అల్లిందో విడదీయడం ఎవరి వల్లా కాలేదు. అందుకని ఫొటోల సాక్ష్యం చెల్లదన్నారు. అప్పుడు ఎవరో, కొండ ఎదురుగా నిలబడి నూనెరంగులతో బొమ్మలు వేసిన మనిషి ఒకాయన బతికే ఉన్నాడని గుర్తు చేశారు.

అలా కరెంటు సబ్‌స్టేషన్లో ఇంజినీరుగా పనిచేసి, ఆదివారాలు బొమ్మలు వేసుకున్న వరహాలరావు, రిటైరైన చాలా ఏళ్లకు నెమలిమెట్ట వర్ణసాక్షి అయ్యాడు.

పొద్దుటి పని అయ్యాక కొండ అడుగున ఉన్న మూలశాలకు వెళ్లడం ఆయన అలవాటు. అక్కడి గోడల మీద ఆయన చిత్రాలు వరుసగా ఉన్నాయి. రోజూ చూసేవే అయినా, మంచి బట్టలు వేసుకుని బంధువుల ఇంటికి వెళ్లినట్టు, చొక్కా సర్దుకుని మరీ లోపలికి వెళతాడు.

మొదటి చిత్రం ముందు ఎప్పుడూ నవ్వుకుంటాడు. విశాఖపట్నంలో రంగులపెట్టె కొన్న వారమే వేసింది. ట్యూబులోంచి వచ్చిన పచ్చను వచ్చినట్టే పూసేశాడు. ఆయన భార్య నూకరత్నం అది చూసి, కొండకు కొత్త చీర కట్టినట్టుందని, ఇస్త్రీ కూడా చేసినట్టుందని అంది. ఆ తరవాతి చిత్రాల్లో చీర నలగడం మొదలైంది. నీడలో నలుపు ఉండదని, ఊదారంగు ఉంటుందని నేర్చుకున్నది మూడో చిత్రంలో. ఆ నీడను ఇప్పటికీ దగ్గరికి వెళ్లి చూస్తాడు. ఎవరూ చెప్పకుండా, ఒక మధ్యాహ్నమంతా కొండను చూసి చూసి కనిపెట్టిన నీడ అది. వానలో వేసిన చిత్రం ఇంకొకటి ఉంది. టార్పాలిన్ కింద రత్నం గొడుగు కూడా పట్టుకుని కూర్చుంది. చినుకులు రంగు మీద పడి చిన్నచిన్న గుంటలు చేశాయి. వాటిని ఆయన సరిచేయలేదు. వానను బొమ్మగా వేయడం తనకు రాదనీ, వానే వచ్చి వేసిపోయిందనీ చెప్పుకునేవాడు.

పట్నంలో ఒకసారి ప్రదర్శన పెట్టాడు. పేరున్న చిత్రకారుడొకాయన వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని అన్నీ చూసి, కేలెండరు బొమ్మలని చెప్పి వెళ్లిపోయాడు. ఆ రోజు వరహాలరావు అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే రత్నం మజ్జిగ పోస్తూ, "కేలెండరయితే ఏటండీ, ఇంట్లో రోజూ సూసేది అదే కదా," అంది. ఆయన ఆ పూట కడుపునిండా తిన్నాడు.

గొప్ప బొమ్మలు కావని ఆయనకు తెలుసు. అయినా ఒక్కటి కూడా ఇంట్లో కూర్చుని వేయలేదు. ఫొటో చూసి వేయలేదు. మెట్ట ఎదురుగా నిలబడి, అది చూపించిందే వేశాడు. గాలికి ఎగిరొచ్చిన దుమ్ము, పుప్పొడి, గడ్డిగింజలు తడిరంగుకు అంటుకునేవి. చిన్న పట్టకారుతో పీకబోతే రత్నం చెయ్యి పట్టుకుని ఆపేది, అవీ మెట్టవేనని. ఇప్పుడు స్థలకర్త కిరణాలు ఆ రంగుపొరల్లోంచే తైలస్మృతిని, అంటే నూనెరంగులో చిక్కుకున్న ఆ గుర్తులను, చదివాయి. ఏ నెలలో ఏ చెట్టు పూసిందో, ఏ వాలు మీద ఏ గడ్డి ఉండేదో అంతా అందులో దొరికింది. మూలశాల కిటికీలోంచి చూస్తే చిత్రాలన్నీ కలిసి లేచి నిలబడ్డట్టు కొండ. తన గీతల మధ్య గాలి తిరగడం, తన నీడల్లో మేకలు పడుకోవడం చూసే అదృష్టం ఎంతమంది చిత్రకారులకు పట్టిందని ఆయన మనసులో అనుకుంటాడు. పైకి మాత్రం, మేకలు బాగా కుదిరాయి అంటాడు.

ఆ రోజు కిటికీ దగ్గర ఉండగానే బిడ్డిక చామంతి వచ్చింది. ఆమె కొండ వాలులను చూసుకునే అధికారి. కొండ తవ్వకానికి ముందు ఆమె తాతలది మెట్ట కింది గూడెం. ఆమె రోజూ తెచ్చే అల్లం టీ ఈసారి చేతిలో లేదు. ఉత్తరపు గెడ్డ వాగులో చేరిక కనబడిందని చెప్పింది.

మూలచిత్రాల్లో లేని మొక్క ఏది మొలిచినా దాన్ని చేరిక అంటారు. వర్ణసాక్షి వచ్చి చూసి, చిత్రంలో ఉందో లేదో చెప్పాలి. లేదంటే సాయంత్రంలోపు కలుపుబండి వేళ్లతో సహా తీసేస్తుంది. మామూలుగా చేరికలు పనివాళ్ల చెప్పుల మట్టిలో వచ్చే కలుపు మొక్కలే. వాటికి లేదని చెప్పడం వరహాలరావుకు ఎన్నడూ కష్టం కాలేదు.

ఇద్దరూ ఇనపతీగ మీద నడిచే తీగకుర్చీలో గెడ్డ దాకా వెళ్లారు. ఆయన మోకాళ్ల సంగతి తెలిసిన కుర్చీ దిగేచోట నేలకు మరీ దగ్గరగా ఆగింది. రెండు బండల సందులో, సన్నటి తీగ ఒకటి రాతిని పట్టుకుని పైకి పాకి ఉంది. దానికి నీలిపూలు. గోరంత పూలు, మధ్యలో పసుపు చుక్క. వరహాలరావు కష్టంగా కూర్చుని చూశాడు. ఇలాంటి నీలం ఆయన రంగులపలక మీద ఎప్పుడూ కలపలేదు.

"ఇది మనోళ్ల బూట్ల మట్టిలో వచ్చింది కాదు బాబాయ్," అంది చామంతి. "ఈ సందులోకి మనిషి పోలేడు. పిట్ట ఏసినట్టుంది. ఎక్కడి నుంచో మరి."

మెట్టను తిరిగి కట్టాక ఎవరూ నాటకుండా, ఎవరి చెప్పులకూ అంటుకోకుండా దాని మీదికి వచ్చిన మొదటి మొక్క అదని ఇద్దరికీ తెలుసు. ఇంతవరకూ ఉన్నవన్నీ స్థలకర్త తెచ్చి పెట్టినవే. మేకలతో సహా.

"సాక్షి చెప్పాలి," అంది స్థలకర్త, బండ మీది చిన్న స్తంభంలోంచి. "ఇది మూలచిత్రాల్లో ఉందా?"

చామంతి ఆయన పక్కన గొంతుకూర్చుని, గొంతు తగ్గించి, ఉందని ఒక్క మాట అంటే అయిపోద్ది కదా అంది. చిత్రంలో గీతలేవో, ఆకులేవో చూసి తేల్చేవాళ్లు ఎవరున్నారంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ ఒక్క మాటతో తన చిత్రాలన్నీ ఆ చెల్లని ఫొటోల పక్కకు పోయి నిలబడతాయి. చూసింది వేశాడు, వేసింది చూశాడు. ఆయన దగ్గరున్న గొప్ప అదొక్కటే.

"లేదు," అన్నాడు స్తంభం వైపు తిరిగి.

"నమోదైంది. బండి బయలుదేరుతుంది."

చామంతి లేచి అవతలికి తిరిగి నిలబడింది. దూరంగా కింద కలుపుబండి కదిలిన చప్పుడైంది. వరహాలరావు తీగను చూస్తూ ఉండిపోయాడు. తను వేసిన కొండ తను వేసినట్టే ఉంది. ఇక ముందూ అలాగే ఉంటుంది. మొదటిసారి ఆయనకు అది కొండలా అనిపించలేదు, గోడకు తగిలించిన బొమ్మలా అనిపించింది. రత్నంతో ఆదివారం ఆదివారం వచ్చినప్పుడు మెట్ట ఏ రెండు వారాలూ ఒకేలా ఉండేది కాదు. అందుకే కదా మళ్లీ మళ్లీ వచ్చింది.

ఆయన ఒక్కసారి లేచి, మోకాలు పట్టేసినా ఆగకుండా తీగకుర్చీ వైపు నడిచాడు. మూలశాలలో చివరి గోడ మీది ఉత్తరపు గెడ్డ చిత్రాన్ని చామంతి చేత దింపించాడు. రంగులపెట్టె, స్టాండు తీసుకున్నాడు. మళ్లీ పైకి వచ్చేసరికి బండి సగం వాలు ఎక్కి ఉంది. ఆయన బండలకు ఎదురుగా స్టాండు నిలబెట్టి, చిత్రం దాని మీద పెట్టాడు.

"మూలచిత్రాన్ని బయటికి తేవడానికి కారణం?" అంది స్థలకర్త.

"ఇది ఇంకా అవలేదు."

ఈ చిత్రం సాక్ష్యంగా చేరి చాలాకాలమైందని స్తంభం చెప్పింది. వరహాలరావు చిత్రం కింది మూల చూపించాడు. మిగతా చిత్రాలన్నిటి మీదా ఆయన సంతకం ఉంది. దీని మీద లేదు.

"నాకు ఆపడం చాతకాదు," అన్నాడు. "ఇంకో చుక్క, ఇంకో గీత అని పాడు చేసుకునేవాణ్ణి. పక్కన కూర్చుని మా ఆవిడే చెప్పేది, చాలు, ఇంక ముట్టుకోకండి అని. అప్పుడు సంతకం పెట్టేవాణ్ణి. ఈ బొమ్మ దగ్గర ఆవిడ ఆ మాట అనలేదు. ఒంట్లో బాగోలేదు, వచ్చే వారం వద్దామంది. ఆ వారం రాలేదు."

ఆయన నీలం ట్యూబు నొక్కాడు. దానిలో తెలుపు, చిటికెడు ఊదా కలిపాడు. రంగుకత్తిని చాచి పూవుకు అడ్డంగా పట్టుకున్నాడు. కలవలేదు. మళ్లీ కలిపాడు. నాలుగోసారికో అయిదోసారికో కత్తి అంచు పూవులోకి మాయమైంది. ఎండిన పాత రంగు మీద, రెండు బండల మధ్య, మొదటి నీలిచుక్క పెట్టాడు.

"మూలచిత్రం మీద పని జరుగుతున్నప్పుడు దాని పరిధిలోని నేలను మార్చకూడదు," అంది స్థలకర్త. ఆ నియమం రాసినది అదే. బండి వాళ్లకు కొంచెం దిగువన ఆగిపోయింది. "చిత్రం ఎప్పుడు పూర్తవుతుంది?"

"పూర్తయిందని చెప్పాల్సిన మనిషి లేదు."

"వేరే వ్యక్తి చెప్పవచ్చా?"

"చెప్పినా నేను వినను."

స్తంభం లోపల ఏదో సన్నగా తిరిగింది. ఉత్తరపు గెడ్డ మొత్తానికి తొలగింపులు నిలిపివేసినట్టు ప్రకటన వినిపించింది. గడువు అన్నచోట గొంతు ఆగి, ఏమీ చెప్పకుండానే ముగిసింది. చామంతి నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రపు ఎండ బండల మీదికి వచ్చేసరికి తీగ ఆకులు కూడా చిత్రంలోకి ఎక్కాయి. పూవులో పసుపు చుక్క బాగా కుదిరింది. ఆ మాట వరహాలరావు పైకే అన్నాడు, ఎవరో పక్కన ఉన్నట్టు. చామంతి దూరంగా చెవియంత్రంలో మాట్లాడుతూ ఉంది. కబురు అప్పుడే మిగతా పునర్నిర్మాణ స్థలాలకు పాకింది. గోదావరి లంకల వర్ణసాక్షి ఒక మాట అడుగుతోందని చామంతి వచ్చి చెప్పింది. ఆవిడ చిత్రాలన్నిటి మీదా సంతకాలు ఉన్నాయట. సంతకం పెట్టేసిన బొమ్మ మీద మళ్లీ కుంచె పెట్టొచ్చా అని.

వరహాలరావు కుంచె దించకుండానే ఆలోచించాడు.

"ఏసినోళ్లు బతికుంటే పెట్టొచ్చని చెప్పమ్మా," అన్నాడు.