ఆ ఖాకీ వేరు

"మెడికల్ బోర్డు నిన్ను ఫెయిల్ చేసింది," అన్నాడు చీఫ్ నరసింహమూర్తి, కుర్చీ కూడా చూపించకుండా. "రంగుల పరీక్షలో తప్పావు. ఆర్డరు రేపో మాపో వస్తుంది. ఈలోగా ఒక్క మిషన్."

ఏజెంట్ శుభాకర్ లాడ్జి గది గోడకి చేరబడ్డాడు. మారువేషాలు వేసి వేసి విసిగిపోయిన మనిషి. అది 1979. విశాఖపట్నంలో పాత పోస్టాఫీసు దగ్గర చీఫ్‌ని అందరూ బియ్యం బ్రోకరనుకునేవారు.

"ఈ మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు విదేశీ ముఠా మనిషొకడు ఆయిల్ జెట్టీకి వెళ్తాడు. టిఫిన్ క్యారియర్లో టైం బాంబు. పేలితే జెట్టీ మీద ఒక్క మనిషీ మిగలడు. ఎర్రచొక్కా కూలీ. సమాచారం కృపావతిది. గేటు దగ్గర నిన్నే పెట్టమంది."

కృపావతి డబుల్ ఏజెంటు. ముఠాలో ఉంటూ డిపార్టుమెంటుకి కబుర్లు మోస్తుంది. ఆవిడ నవ్వుకి ఇద్దరు కెప్టెన్లు ఓడలు వదిలేశారని వదంతి.

"రంగులు తెలియనివాణ్ణి, ఎర్రచొక్కా కోసమా సార్?"

"వాణ్ణి పట్టడానికి మఫ్టీ పోలీసులున్నారు. నువ్వు ఊరికే చూస్తూండు. ఇదిగో పెన్ను. మూత తిప్పితే రేడియో."

పెన్ను కారుతోంది. ఆ 'ఊరికే' అన్న మాటకి మాత్రం శుభాకర్ మనసు చివుక్కుమంది.

మధ్యాహ్నం హార్బరు గేటు దగ్గర ముంత మసాలా బండి వెలిసింది. దాని వెనక లుంగీ, తలగుడ్డ, పెట్టుడు మీసంతో శుభాకర్. గేటు జమాదారు ఎల్లాజీ అప్పుడే చెయ్యి చాపాడు.

"ఏటి బావా, కారం తగ్గించేసినావు?"

"నీ కడుపు బాగుండాలని," అన్నాడు శుభాకర్.

అంబాసిడర్ కారొచ్చి ఆగింది. నల్లకళ్ళద్దాల్లో కృపావతి. పల్లీలు కొంటూ "అదుగో ఎర్రచొక్కా," అని గుసగుసలాడి కారెక్కింది. క్యూలో ఒక కూలీ టిఫిన్ క్యారియర్‌తో నిలబడ్డాడు. మఫ్టీవాళ్ళంతా అటే కదిలారు.

అప్పుడే షిఫ్టు మారే గార్డులు వరసగా లోపలికి నడిచారు. అందరివీ కొత్తగా ఇచ్చిన ఖాకీ బట్టలే. కాని మూడోవాడి బట్ట శుభాకర్ కంటికి వేరుగా ఉంది. మిగతావి తడి ఇసకలా ఉంటే, అది పాత బెల్లంలా ఉంది. వాడి చేతిలోనూ టిఫిన్ క్యారియర్ ఉంది.

"ఎల్లాజీ, ఆ మూడోవాడి బట్టలు వేరుగా లేవా?"

"ఏటి బావా! అందరిదీ ఒకటే కాకీ. తేడా ఏటీ నేదు."

శుభాకర్ పెన్ను మూత తిప్పి చెప్పాడు. చీఫ్ గొంతు కస్సుమంది. "నీకు రంగులు తెలియవని డాక్టరే రాశాడయ్యా! కదలకు!"

డాక్టరు రాసింది నిజమే. కాని ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. కంట్లో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలు. అవి పంపే పాళ్ళను బట్టి మెదడు రంగు కడుతుంది. "మీకు పచ్చని పట్టేవి ఎరుపు వైపు జరిగాయి. మాకు వేరైనవి చాలా మీకు ఒకటే. అప్పుడప్పుడు, మాకు ఒకటైనవి మీకు రెండుగా కనపడతాయి." రిపోర్టులో మొదటి ముక్కే ఎక్కింది.

పొరపాటైతే తన బతుకంతా నవ్వులపాలు. ఊరుకుంటే జెట్టీ బూడిద. శుభాకర్‌కి భయమేసింది. అయినా కారం డబ్బా తీసి పరిగెత్తాడు.

గుప్పెడు కారం మూడోవాడి మొహాన పడింది. వాడు నడుంలోంచి లాగబోయి జారవిడిచిన రివాల్వర్ని ఎల్లాజీ కాలితో తన్నేసి, వాణ్ణి కింద పడేసి తొక్కిపట్టాడు. శుభాకర్ క్యారియర్ మూత తీశాడు. అన్నం ఉండాల్సిన చోట గడియారం, రెండు తీగలు. ముల్లు చివరికొచ్చేసింది. ఆ మాటే పెన్నులో చెప్పాడు.

"ఆ ముఠా బాంబులన్నీ ఒకటే! ఎర్ర వైరు కొయ్యి! పచ్చది ముట్టుకోకు!" పెన్నులోంచి చీఫ్ అరిచాడు.

శుభాకర్‌కి రెండూ ఒకలాగే ఉన్నాయి. చెమట కళ్ళలోకి కారింది.

"ఎల్లాజీ! ఇందులో ఎర్రది ఏది?"

"తెలవదేటి?" ఎల్లాజీ మెడ చాచి చూశాడు. వేలు పెట్టి చూపించాడు. "ఇదే బావా."

శుభాకర్ నడుంలో దోపుకున్న ఉల్లిపాయల చాకుతో కోశాడు. గడియారం ఆగింది.

క్యూలో ఎర్రచొక్కావాడి క్యారియర్లో చేపల పులుసు దొరికింది. ఆవిడ కావాలనే తప్పు మనిషిని చూపిందని తేలడంతో, దూరంగా ఆగి చూస్తున్న అంబాసిడర్ కదిలేలోగా పోలీసులు కృపావతిని దింపారు. ఆవిడ కళ్ళద్దాలు తీసి శుభాకర్ని ఎగాదిగా చూసింది.

"రంగులు తెలియవని ఫైల్లో చదివే నిన్నడిగాను. నువ్వేం చెప్పినా ఎవరూ నమ్మరని. మేం అద్దకం వేయించిన ఆ ఖాకీని మూడు దేశాల్లో పరీక్ష చేయించాం, తెలుసా? తేడా ఎవరికీ కనపడలేదు."

"అందరూ కళ్ళు బాగున్నవాళ్ళే అయ్యుంటారు," అన్నాడు శుభాకర్ అలసటగా.

వారం తిరక్కుండా డిపార్టుమెంటు నుంచి రెండు కాయితాలొచ్చాయి. ఒకటి ప్రశంసాపత్రం, రెండోది రంగులు తెలియనందుకు డ్యూటీ నుంచి తొలగింపు. మొదటిది లేత పచ్చ, రెండోది లేత గులాబీ అని ఎల్లాజీ చెప్పాడు.

శుభాకర్‌కి మాత్రం రెండూ ఒకే రంగులో కనపడ్డాయి.